క్యాసెట్‌లో చెప్పిన పేరు

మోంత్రొయ్, ఫ్రాన్స్, 1998 మార్చి 12

నేను సొకోనా నియాకాతే. వయసు అరవై మూడు. కరువు ఏట పుట్టానని మా అమ్మ చెప్పేది, ఏ కరువో చెప్పకుండానే పోయింది. భర్త దెంబా సుమారే, కాలం చేసి నాలుగేళ్ళు. కడుపున పుట్టినవాళ్ళు లేరు. సవతి ఒకతి ఉంది, కాయ్ పట్టణంలో రైలు స్టేషను వెనక ఉంటుంది, పేరు నియుమా త్రావోరే. నా ఇంట్లో ప్రస్తుతం ఎనభై నాలుగు మందిమి ఉన్నాము.

నవ్వకు చెల్లీ. ఇక్కడ ఏ కాగితం రాయించాలన్నా ముందు ఇవన్నీ ఒప్పజెప్పాలి. పదకొండు రోజులుగా చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. రాస్తున్నది వాగే అనే ముసలాయన. పాతికేళ్ళు ఓడరేవులో మూటలు మోశాడు, ఇప్పుడు నా మాటలు మోస్తున్నాడు. "తేనెకన్నా తీయనైన సోదరికి" అని మొదలుపెట్టాడు. కొట్టేయించాను. పదిహేనేళ్ళు ఒకే పొయ్యి దగ్గర వంతులు పంచుకున్నాం, నీ తీపి నాకు తెలియదా?

ఎనభై నాలుగు మంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారంటావు. కాగితాలు లేనివాళ్ళమంతా కలిసి మూతపడ్డ మునిసిపల్ స్నానాల భవనంలో కూర్చున్నాం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, ఏ పార్టీ జెండా లేదు. హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, గోడలు కట్టేవాళ్ళు, నాలాగా ఆఫీసులు తుడిచేవాళ్ళు. "మీ ఊరు మేం కడిగాం, మా పేర్లు మీ పుస్తకంలో రాయండి" అని గుడ్డ మీద రాసి కిటికీకి కట్టారు. ఆ మాట నాది.

టీవీ వాళ్ళు ఒకసారి వచ్చి గుమ్మం దగ్గరి చెత్తకుప్పను వీడియో తీసుకుని వెళ్ళిపోయారు. అందుకే మా వీడియో మేమే తీసుకుంటున్నాం. తీసేవాడు మోదిబో జారా. పెళ్ళిళ్ళకు తీసేవాడు, వాడికీ కాగితాలు లేవు. మొదట ఆ రోజు పేపరు కెమెరాకు చూపించాలి, తారీఖు పడుతుంది, రేపు ఎవడూ ఇది అబద్ధం అనడానికి ఉండదు. తరవాత పేరు, వయసు, పిల్లలు, ఎన్నేళ్ళుగా ఏం పని చేస్తున్నావు. భయమున్నవాళ్ళు వీపు తిప్పి కూర్చోవచ్చు. నేను మొహం చూపించే కూర్చున్నాను. పేపరు తలకిందులుగా పట్టుకున్నానట, మోదిబో పడీపడీ నవ్వాడు. ఆ గాజుకన్ను నా వైపు తిరిగింది. ఏం చెప్పానో సగం గుర్తు లేదు, కానీ గట్టిగానే చెప్పాను.

ఆ రోజు నుంచి మోదిబో నన్ను "అలసందల ముసలీ" అంటున్నాడు. అలసందలు మెక్కేవాళ్ళని జారా ఇంటిపేరువాళ్ళు తాతల నాటి నుంచి వేళాకోళమాడేది మీ త్రావోరేలను కదా, నియాకాతేలతో ఏం పని? పోనీలే, కుర్రముండాకొడుకు నవ్వుకుంటే నవ్వుకోనీ అని ఊరుకున్నాను.

ఆ క్యాసెట్ నకలు ఒకటి పంపుతున్నాను. వీధివాళ్ళను పిలిచి చూపించు. సొకోనా ఎక్కడో మూల నక్కి బతుకుతోందనుకుంటున్నారు. చూడనీ.

నీ పెద్ద సవతి,
సొకోనా (వేలిముద్ర)


కాయ్, ఏప్రిల్ 2

అక్కకు,

క్యాసెట్ అందింది. నువ్వన్నట్టే వీధివాళ్ళను పిలిచాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టుకోవాలి.

పక్కింటి టీవీ వాకిట్లో పెట్టించి, చాపలు పరిచి, గోంగూర పూల షర్బత్ కలిపించి కూర్చున్నాం. ముప్పై మంది. నువ్వు కనిపించావు. అందరూ చప్పట్లు. మోదిబో "పేరేంటమ్మా?" అన్నాడు. నువ్వు కెమెరా కళ్ళలోకి చూసి, "నియుమా త్రావోరే" అన్నావు.

నా పేరు! కాగితాలు లేనిదాన్నని, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నదాన్నని, పోలీసులు వస్తే రానీ అని నా పేరుతో చెప్పావు. వాకిలంతా గొల్లుమంది. ముస్తఫా పెళ్ళాం నా మొహంలోకి చూసి, "ఏమే నియుమా, ఇక్కడున్న దానివి నువ్వా, నీ దయ్యమా?" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయాను. తరవాత ఏం చెప్పావో నేను వినలేదు, వినను కూడా.

పదమూడేళ్ళ క్రితం అక్కడ ఆయన జబ్బు పడితే ఆయన్నీ పిల్లల్నీ తీసుకుని నేను ఇక్కడ విమానం దిగాను. ఆ దేశంలో ఉండడానికి నాకిచ్చిన కార్డు మీద నువ్వు ఎక్కావు. కార్డులో ఉన్నది నా ఫొటో. ఎవడూ పోల్చి చూడలేదు, వాళ్ళకు మనమంతా ఒకటే మొహం అని నువ్వే నవ్వావు. నువ్వు పంపింది తిన్నాం, కాదనను. కానీ ఒక మాట అనుకున్నాం: కార్డు వంతుల మీద నడవాలని. నా కూతురు అస్సా అక్కడే నీకు నాలుగు స్టేషన్ల అవతల ఉంది, సెప్టెంబరులో కాన్పు. ఈసారి వంతు నాది, అస్సా మొగుడి చేత కార్డు పంపిస్తానన్నావు. ఇప్పుడు కార్డు నాకు రాకముందే నా పేరును పోలీసుల నోట్లో వేశావు. కావాలనే చేశావు. చేతిలోది ఇవ్వబుద్ధి కాని పిల్ల దాన్ని నేలకేసి కొట్టినట్టు.

కార్డు పంపు. ఇంక వేరే మాట లేదు.

నియుమా
(స్టేషను దగ్గర ఉత్తరాలు రాసే బూబూ రాశాడు. ఆమె ఇంకా గట్టి మాటలు చెప్పింది, కొన్ని తగ్గించాను.)


మోంత్రొయ్, ఏప్రిల్ 19

చెల్లీ,

బూబూకు చెప్పు, ఇంకోసారి మాటలు తగ్గిస్తే వాడి కలం విరుస్తానని. నీ తిట్లు నాకు పూర్తిగా కావాలి.

కావాలని చేయలేదు. నా తండ్రి మీద ఒట్టు. పదమూడేళ్ళుగా పొద్దున నాలుగింటికి సూపర్‌వైజర్ "నియుమా!" అంటే "ఆఁ!" అన్నాను. ఆసుపత్రిలో నియుమా, బస్సు పాసులో నియుమా. ఎవరైనా వెనక నుంచి సొకోనా అని పిలిస్తే ఎవరినో అనుకుని నడిచిపోతాను. పేరేంటి అని కెమెరా అడగ్గానే చేతికి అలవాటైన చీపురు పట్టుకున్నట్టు ఆ పేరే నోట్లోకి వచ్చింది. మోదిబో నన్ను నిజంగానే త్రావోరే అనుకుని అలసందల ముసలీ అంటున్నాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఎనిమిదిన పొద్దున్నే పోలీసులు వచ్చారు. తలుపులు విరగ్గొట్టారు. మోదిబో కెమెరా ఎత్తి పట్టుకుని నిచ్చెన మీద నిలబడ్డాడు, ఒకడు నిచ్చెన లాగేశాడు. చెయ్యి విరిగింది, కెమెరా వదల్లేదు. కానీ సంచీలో ఉన్న క్యాసెట్లన్నీ తీసుకుపోయారు. అందులో నాదీ ఉంది. నన్ను ఇద్దరు మోసుకెళ్ళారు. "నడవవా ముసలీ?" అన్నాడొకడు. "మీ మెట్లు తుడిచీ తుడిచీ మోకాళ్ళు పోయాయి, మీరే మొయ్యండి" అన్నాను.

వదిలేశారు, కానీ దేశం విడిచి పొమ్మని కాగితం చేతిలో పెట్టారు. దాని మీద రెండు పేర్లు: సొకోనా అని చెబుతోంది, క్యాసెట్‌లో నియుమా అని చెప్పింది, అబద్ధాలకోరు. పనిచేసిన కంపెనీ ఏమంటోందో తెలుసా? మా దగ్గర నియుమా అనే ఆమె పదమూడేళ్ళు పనిచేసింది, సొకోనా ఎవరో మాకు తెలియదు అంటోంది. జీతం చీటీలన్నీ నీ పేరుతో ఉన్నాయి. ఈ దేశం లెక్కలో నేను పదమూడేళ్ళు ఎక్కడా లేను.

జూన్ 16న కోర్టు. లాయరమ్మ ఒకటే అడిగింది: అసలు నియుమా ఎక్కడుంది? ఆమె చెప్పాలి, నేను 1985 నుంచి కాయ్‌లోనే ఉన్నాను, నా పేరుతో పనిచేసింది ఫలానా సొకోనా అని. వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. అది ఉంటే నిలబడతాం. లేకపోతే పదిహేడున విమానం ఎక్కిస్తారు.

నువ్వా పని చెయ్యాలి. ఊరికే అడిగితే నువ్వు వినవని మోదిబో మేనత్తను పంపుతున్నాను. కాయ్‌లోనే ఉంటుంది, తెనిన్ జారా. జారా మనిషి గడప మీద కూర్చుని అడిగితే త్రావోరే పిల్ల కాదనకూడదు. అది నీకూ తెలుసు.

సొకోనా


కాయ్, మే 7

అక్కకు,

వచ్చింది నీ తెనిన్ జారా. నీకన్నా పదేళ్ళు పెద్దది, నీకన్నా పది రెట్లు గయ్యాళి. గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఒసే అలసందలు మెక్కేదానా! మా తాతలు సంతలో కొన్న బానిసవు నువ్వు, లే, వేలు ముద్ర వెయ్యి!"

"మీ తాతలే మా పశువులు కాసుకుని బతికారు. నీ పళ్ళు మొన్న మా పేడకుప్పలో దొరికాయి" అన్నాను.

"పళ్ళు లేకపోయినా నీ అలసందలు మింగగలను. పెట్టు."

పెట్టాను. అలసందలే వండి పెట్టాను. రెండు గిన్నెలు తింది. సాయంత్రం దాకా కూర్చుంది. ఆచారం తప్పకూడదు కనక కాదనలేదు, నవ్వాను, నవ్వుతూనే రేపన్నాను. రోజూ వస్తోంది. రోజూ రేపంటున్నాను. నా మెడ మీద కత్తి పెట్టి పైగా వేళాకోళం పంపించావు, నీకే చెల్లింది.

కాగితం మీద నేను వేలు పెడితే ఏమవుతుందో బూబూను అడిగాను. కార్డు ఇంకొకరికి ఇచ్చానని ఒప్పుకున్నట్టేనట. కార్డు రద్దు. ఇక ఆ దేశం గడప తొక్కనివ్వరట. మరి నా అస్సా? మొదటి కాన్పు. పక్కన తల్లి లేకుండా ఆసుపత్రి గోడలు చూస్తూ కంటుందా? నీకేం, నీకు పిల్లలు లేరు, ఈ నొప్పి నీకు తెలియదు.

పొమ్మంటే రా. ఇక్కడ నీ గది ఉంది. ఆయన సమాధి ఉంది. అరవై మూడేళ్ళకు ఎవరి గుమ్మం ముందో కూర్చుని అరిచే ఖర్మ ఏమిటి?

నియుమా
(ఈసారి ఏమీ తగ్గించలేదు. బూబూ.)


మోంత్రొయ్, మే 21

నియుమాకు,

పిల్లలు లేరన్నావు. చదివేటప్పుడు వాగే ఆ వాక్యం దాటేయబోయాడు. ముసలాడి మొహం చూస్తే తెలిసిపోయింది. చదివించుకున్నాను.

రమ్మంటున్నావు. ఆయన పోయినప్పుడు నేనెందుకు రాలేదనుకున్నావు? నువ్వు నలభై రోజులు తెల్లబట్ట కట్టుకుని కూర్చున్నావు, చుట్టూ జనం. నేను పదకొండో అంతస్తులో బాత్రూములు కడుగుతూ ఏడ్చాను, ఎవరు పోయారని అడిగితే నా పేరు మీద చెప్పుకోవడానికి లేదు. కాగితాల ప్రకారం ఆయన పెళ్ళాం నియుమా, ఆమెకు సెలవిచ్చారు కూడా, మూడు రోజులు. కానీ విమానం ఎక్కితే తిరిగి రానివ్వరు, మీ అందరి కంచాలు ఖాళీ. నాకు కాగితాలు కావాల్సింది ఇక్కడ పాతుకుపోవడానికి కాదే, వచ్చి ఆయన మట్టి మీద చెయ్యి పెట్టి, మళ్ళీ నా పనికి నేను రావడానికి. తాళం వేసిన గదిలోకి పొమ్మనడాన్ని ఇంటికి రమ్మనడం అనరు.

చెయ్యి కట్టుతోనే మోదిబో నన్ను మళ్ళీ వీడియో తీశాడు. "నీ పేరు చెప్పమ్మా." మూడుసార్లు తీసినా చెప్పలేకపోయాను. నాలుగోసారి సొకోనా అన్నాను. దొంగసొత్తు చేతిలో ఉన్నట్టు చుట్టూ చూశాను, నా పేరు చెప్పుకోవడానికి.

ఇంక నిన్ను అడగను. తెనిన్‌ను కూడా రావద్దని చెప్పమన్నాను. కార్డు అస్సా చేతికి ఇచ్చేశాను. ఒకటే పని చెయ్యి: నీ దగ్గరున్న క్యాసెట్ తిరిగి పంపు. పోలీసులు తీసుకుపోయాక ఆ స్నానాల భవనంలో మేం ఉన్న రోజులకు మిగిలింది అదొక్కటే. అందులో నాతో పాటు ఇంకా పందొమ్మిది మంది ఉన్నారు, వాళ్ళకన్నా పనికొస్తుంది. జూన్ పదో తారీఖులోపు అందాలి.

సొకోనా


కాయ్, జూన్ 3

అక్కా,

ముందు నిజం చెప్పేస్తాను, తరవాత తిట్టుకో.

నీ ఉత్తరం వినగానే క్యాసెట్ తీసుకుని పెళ్ళి వీడియోల మకాన్ సిసోఖో కొట్టుకు వెళ్ళాను. పంపడానికి కాదు. "ఇందులో ఒక ముసలిది నా పేరు చెబుతుంది. ఆ ముక్క చెరిపెయ్" అన్నాను. మిగతా పందొమ్మిది మందీ పోవాలని నాకూ లేదు, నా పేరు పోతే చాలు. మకాన్ అన్నాడు, "పిన్నీ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడందే చెరపలేను, నువ్వు పక్కన కూర్చుని చెప్పు." కూర్చున్నాను.

వాకిట్లో ఆ రోజు నా పేరు దగ్గర లేచి వెళ్ళిపోయానని చెప్పాను కదా. ఈసారి వెళ్ళడానికి లేదు. పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నావు. పేరు చెప్పావు. వాడు వయసు అడిగాడు, నా వయసు చెప్పావు. "పిల్లలెందరు?" అన్నాడు.

నువ్వు వేళ్ళు మడుస్తూ, "నలుగురు. ముగ్గురు ఉన్నారు. మూడోది ఆడపిల్ల, పుడుతూనే పోయింది" అన్నావు.

మోదిబో, "పోయినవాళ్ళను రాయక్కర్లేదమ్మా" అన్నాడు. నువ్వు కసిరావు. "రాయి. నేనే కడిగి గుడ్డ చుట్టాను. నలుగురు అని రాయి."

మకాన్ మీట మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. "ఇక్కడ మొదలా పిన్నీ?"

ఆ బిడ్డను నేను చూడలేదక్కా. నేను తెలివి లేకుండా ఉంటే నువ్వే కడిగి ఇచ్చావు. ఆయన ఎప్పుడూ ముగ్గురు అనేవాడు. నేనూ ముగ్గురే అంటాను, ఎవరైనా అడిగితే. పదమూడేళ్ళు ఆ దేశంలో ప్రతి కాగితం మీదా నలుగురు అని రాయిస్తూ వచ్చావా? నా పేరు వాడుకున్నావనుకున్నాను. నాకే బరువై నేను దించేసింది కూడా అందులోనే మోశావు. ఈ నొప్పి నీకు తెలియదని రాయించిన నా నోరు పడిపోను.

చెరపనివ్వలేదు. మకాన్ చేత కెమెరా బయటికి తీయించి అక్కడే కూర్చున్నాను. బూబూను పిలిపించాను. తెనిన్ జారా దారిన పోతూ కనిపిస్తే దాన్నీ లాక్కొచ్చాను. రావద్దని నువ్వు చెప్పించావట. "మీ సవతుల పోట్లాటలో నా అలసందలు పోయాయి" అని ఏడుస్తోంది. వేళాకోళానికి లొంగి వేలు పెట్టానని మాత్రం దాని ముందు అనకు, జన్మంతా చెప్పుకుని తిరుగుతుంది.

ఇవాళ్టి పేపరు కెమెరాకు చూపించాను. సరిగ్గానే పట్టుకున్నానని మకాన్ అన్నాడు. నీకన్నా నేనే నయం. ఆ క్యాసెట్, నీ పాత క్యాసెట్, ఈ కాగితం, మూడూ బమాకో నుంచి విమానం ఎక్కే మనిషి చేతికి ఇస్తున్నాను. పదిలోపు అందుతాయి.

కార్డు అస్సా దగ్గర ఉందన్నావు. లాయరమ్మకు ఇచ్చెయ్యమను. నేనింక రాలేను, తెలుసు. రాత్రి అస్సాకు ఫోను చేసి చెప్పాను. కాసేపు ఏడ్చింది, "మరి పెద్దమ్మ వస్తుందా?" అంది. సెప్టెంబరులో నువ్వు నిలబడు. ఆ ఆసుపత్రిలో బిడ్డ అమ్మమ్మ ఎవరని అడిగితే నా పేరు చెప్పకు. నీ పేరే చెప్పు. ఈ వంతు నీది.

కోర్టుకు ఇవ్వాల్సింది కింద ఉంది. బూబూ పూలు గుచ్చబోతే నేనూ కొట్టేయించాను.

నేను నియుమా త్రావోరే. వయసు యాభై ఎనిమిది. కాయ్ పట్టణంలో రైలు స్టేషను వెనక నివాసం. దెంబా సుమారే రెండో భార్యను, ఇప్పుడు విధవను. పిల్లలు నలుగురు. ముగ్గురు ఉన్నారు, మూడోది ఆడపిల్ల, పుడుతూనే పోయింది. పెద్ద భార్య సొకోనా నియాకాతే, ఫ్రాన్స్‌లో ఉంది.

1985లో భర్తతో ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నేను ఈ ఊరు దాటలేదు. దానికి ఈ వీధి సాక్ష్యం. నా కార్డు ఆమెకు నేనే ఇచ్చాను, ఆమె దొంగిలించలేదు. పదమూడేళ్ళు నా పేరుతో మీ నేలలు తుడిచింది ఆమె. ఆ చేతులు ఆమెవి, ఆ మోకాళ్ళు ఆమెవి. క్యాసెట్‌లో నియుమా త్రావోరే అని చెప్పిన మనిషి సొకోనా నియాకాతే. ఆమె అబద్ధం చెప్పలేదు. నా పేరును నాకన్నా బాగా చెప్పింది. ఇప్పుడు ఆమె పేరు ఆమెకు రాయండి.

నియుమా త్రావోరే, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
తెనిన్ జారా, వేలిముద్ర
మకాన్ సిసోఖో, సంతకం
రాసినది: బూబూ కమారా. చెప్పింది చెప్పినట్టు.